మంత్రి ముందే మీద పడితే ఏం చేయాలి? (అమ్ఘరాలో చెప్పిన మాటలు)

శుక్రవారం సాయంత్రం అమ్ఘరా రూముల దగ్గర మన గ్రూపు కూర్చున్నప్పుడు ఒక సభ్యుడు ఫోన్‌లో చెస్ ఆడటం గురించి మాట్లాడారు. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ళు రాసి పెట్టమన్నారు. ఆడియో విని రాశాం, ఆయన మాట తీరు మార్చలేదు. ఇద్దరు కలిసి చదివితే మంచిది: ఒకరి ఫోన్‌లో ఈ మెసేజ్, ఇంకొకరి ఫోన్‌లో బోర్డు. ఎత్తులు వేసి చూసుకుంటూ చదవండి.

---



పోయినసారి అఖామా రెన్యువల్ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి చెస్ అనేసరికి కొందరు నవ్వారు. "పొద్దంతా ఇనుము మోసి వచ్చినోళ్ళకి చదరంగం ఏందన్నా" అన్నాడు ఒకాయన. సరే, నవ్వండి. కానీ జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదు కదా, ఆ టైములో షెడ్డు నీడలో ఒకసారి చూడండి. అందరి చేతిలో ఫోనే. కొందరు రీల్స్, కొందరు ఇంటికి ఫోను, కొందరు చెస్. ఈ చెస్ ఆడేవాళ్ళ నోట నాకు మళ్ళీ మళ్ళీ వినిపించే మాట ఒకటుంది. "రెండో ఎత్తుకే మంత్రిని తెచ్చి మీద పడేస్తాడన్నా. నాలుగో ఎత్తుకి ఆటకట్టు."

మన తమ్ముడొకడు లిచెస్ ఆప్ పెట్టుకున్నాడు. అందులో కొత్తవాళ్ళకి రేటింగ్ 1500 దగ్గర మొదలవుతుంది. వారం తిరక్కముందే 1000 కిందికి జారిపోయాడు. ఎక్కువ ఆటలు ఈ మంత్రి దెబ్బకే పోయాయి. "వాళ్ళు పుస్తకాలు చదివి ఆడతారన్నా, మనం చదువుకోలేదు, మనవల్ల కాదు" అని ఆప్ తీసేశాడు. తీసేసిన చోట డబ్బుల పేకాట ఎక్కించుకున్నాడు. నాకు బాధ కలిగింది రేటింగ్ పడిపోయినందుకు కాదు, మొదటి ఆటల్లో రేటింగ్ ఎవరికైనా లిఫ్టులా పైకీ కిందికీ పోతుంది. చదువుకోలేదు కాబట్టి ఓడిపోయాం అన్నాడే, ఆ మాటకి.

రెండో ఎత్తుకి మంత్రిని తెచ్చేవాడు పుస్తకం చదివినవాడు కాదు. వాడికి తెలిసింది ఒక్క ఉపాయం. ఎదుటివాడు కంగారుపడితేనే అది పారుతుంది. పడకపోతే ఆ తర్వాత ఏం చేయాలో వాడికే తెలియదు. ఈ పూట మనం దాన్నే విప్పి చూద్దాం.

ముందు పేర్లు. క్వీన్ అని ఆప్‌లో ఉంటుంది, మనం మంత్రి అంటాం. ఇక్కడ అరబ్బులు కూడా వజీర్ అంటారు, అంటే మంత్రే. ఈ విషయంలో మనమూ వాళ్ళూ ఒకటే. కోట బొమ్మ ఉన్నది మనకి ఏనుగు. నెత్తిన గాటు పెట్టిన టోపీలాగా ఉన్నదాన్ని మన వైపు కొందరు శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు. నేను శకటు అంటాను. ఒక్క జాగ్రత్త: మీ పక్క రూములో ఈజిప్టు ఆయనతో ఆడేటప్పుడు ఆయన "ఫీల్" అంటే ఏనుగు అనే అర్థం, కానీ ఆయన చూపించేది మన శకటుని. పోయినేడు ఈ మాట దగ్గరే ఇద్దరు గంటసేపు వాదించుకున్నారు.

ఇంకో సంగతి. వెయ్యేళ్ళ కిందట బాగ్దాదులో ఆడిన ఆటలో ఈ మంత్రి ఏటవాలుగా ఒక్క గడే నడిచేది. పాపం, రాజు పక్కన నిలబడటం తప్ప పెద్దగా పనికొచ్చేది కాదు. సుమారు 500 ఏళ్ళ కిందట యూరప్‌లో దానికి ఇప్పటి బలం ఇచ్చారు. అప్పటినుంచే మంత్రిని ముందుగా తెచ్చి మీద పడేయడం అనే రోగం మొదలైంది.

బోర్డు కింద ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి, హెచ్ అని అక్షరాలుంటాయి. పక్కన 1 నుంచి 8 అంకెలు. ఈ4 అంటే ఈ వరుసలో నాలుగో గడి. అంతే. బస్సులో సీటు నంబరు చూసుకున్నట్టే.

ఇప్పుడు మీవి నల్లపావులు అనుకోండి. తెల్లవాడు రాజు ముందు బంటుని ఈ4కి తోశాడు. మీరూ ఈ5కి తోశారు. రెండో ఎత్తుకి వాడి మంత్రి డి1 నుంచి ఏటవాలుగా జారుకుంటూ వచ్చి హెచ్5లో కూర్చుంది.

ఇక్కడ చెయ్యి బోర్డు మీద నుంచి తీసేయండి. నిజంగానే తీసేయండి, ఫోను తొడ మీద పెట్టుకోండి. ఒక్కటే అడగండి: ఇది దేన్ని చూస్తోంది? హెచ్5 నుంచి మన వైపు మూడు దారులున్నాయి. నిలువుగా హెచ్7 బంటు. దానికి వెనక ఏనుగు కాపలా ఉంది, భయం లేదు. ఏటవాలుగా ఎఫ్7 బంటు. దానికి రాజు కాపలా ఉన్నాడు, ఒంటరి మంత్రి వచ్చి కొడితే రాజే దాన్ని కొట్టేస్తాడు. అడ్డంగా ఈ5 బంటు. దానికి కాపలా ఎవరూ లేరు. కాబట్టి ఇప్పుడు పోయేది ఈ5. దాన్ని కాయాలి. ఇంత ఆలోచించడానికి పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లు ఇవ్వకుండానే మనవాళ్ళు మూడు రకాలుగా పోగొట్టుకుంటున్నారు.

ఒకటి, జి7 బంటుని జి6కి తోసి మంత్రిని తరుముదాం అనుకుంటారు. చూడటానికి బాగుంటుంది. కానీ మంత్రి ఈ5 బంటుని కొట్టి రాజుకి చెక్ ఇస్తుంది. అక్కడినుంచే ఏటవాలుగా హెచ్8లో మూలనున్న ఏనుగు కూడా కనిపిస్తుంది, ఎందుకంటే జి7 తలుపు మనమే తీసిపెట్టాం. చెక్‌కి ఏదో అడ్డం పెట్టుకుంటాం, ఏనుగు పోతుంది.

రెండు, గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి మంత్రిని బెదిరిస్తారు. మంత్రి వెళ్తూ వెళ్తూ ఈ5 బంటుని చెక్‌తో కొట్టుకుపోతుంది. ఇది అంత ఘోరం కాదు, ఒక బంటు దండగ.

మూడోది చెప్పాలంటే నవ్వొస్తుంది. రాజుని ఈ7కి జరిపి బంటుకి దగ్గరగా నిలబెడతారు, అండగా ఉంటాడని. మంత్రి ఈ5 బంటుని కొడితే అక్కడికక్కడే ఆటకట్టు. రాజు చుట్టూ మనవాళ్ళే దారులు మూసేసి ఉంటారు. మూడు ఎత్తుల్లో ఆట అయిపోతుంది.

సరైన ఎత్తు ఏంటంటే, బి8లోని గుర్రం సి6కి రావడం. ఈ5కి కాపలా వచ్చింది, గుర్రమూ బయటికొచ్చింది. ఒక ఎత్తుకి రెండు పనులు.

ఇప్పుడు వాడు శకటుని సి4కి తెస్తాడు. మళ్ళీ చెయ్యి తీసేయండి. ఏం చూస్తోంది? సి4 నుంచి శకటు ఏటవాలుగా ఎఫ్7నే చూస్తోంది. హెచ్5 నుంచి మంత్రీ ఎఫ్7నే చూస్తోంది. కొట్టేవాళ్ళు ఇద్దరు, కాచేవాడు రాజు ఒక్కడు. ఈసారి మంత్రి ఎఫ్7లో కొడితే రాజు దాన్ని తినలేడు, వెనక శకటు అండ ఉంది. అదే ఆటకట్టు.

మనవాళ్ళు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. మంత్రి కనిపించగానే దాన్ని బెదిరించాలనిపిస్తుంది. గుర్రాన్ని ఎఫ్6కి తెస్తారు. "మంత్రి మీదికి వచ్చాను, ఇప్పుడు పారిపోతుంది" అనుకుంటారు. అది పారిపోదు. ఎఫ్7లో కొట్టి ఆట ముగిస్తుంది. మనం వాడిని బెదిరిస్తున్నామా అన్నది తర్వాతి ప్రశ్న. వాడు మనల్ని ఏం చేయబోతున్నాడన్నది మొదటి ప్రశ్న. ఈ వరస తప్పితే ఎంత బాగా ఆడేవాడైనా పోతాడు.

ఇక్కడ ఆడాల్సింది జి7 బంటుని జి6కి తోయడం. "ఇందాక అదే తప్పన్నావు కదన్నా" అంటారు. ఇందాక ఈ5కి కాపలా లేదు. ఇప్పుడు సి6లో గుర్రం ఉంది. ఒక్క ఎత్తు ముందు విషమైనది ఒక్క ఎత్తు తర్వాత మందు. అందుకే "మంత్రి వస్తే ఇది ఆడు" అని కంఠతా పట్టొద్దంటాను. ప్రతిసారీ అది దేన్ని చూస్తోందో చూడాలి.

జి6 బంటు మంత్రి మీదికొచ్చింది, దాని ఎఫ్7 చూపుకి అడ్డం కూడా పడింది. మంత్రి కదలాలి. వాడు వదలడు, ఎఫ్3కి వెళ్ళి ఈసారి నిలువుగా ఎఫ్7ని చూస్తాడు. మళ్ళీ ఆటకట్టు బెదిరింపు. ఇప్పుడు తీయండి మీ గుర్రాన్ని, ఎఫ్6కి. ఇందాక చంపిన ఎత్తు ఇప్పుడు కాపాడుతుంది, మంత్రికీ ఎఫ్7కీ మధ్య గోడలా నిలబడింది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కొంచెం మొండివాడైతే ఇంకో రెండు దారులు వెతుకుతాడు. ఒకటి, మంత్రిని బి3కి తీసుకెళ్ళి శకటు వెనకాల నిలబెడతాడు. ఇద్దరూ ఒకే ఏటవాలు గీత మీద ఎఫ్7ని చూస్తుంటారు. దానికి మీ మంత్రిని డి8 నుంచి ఈ7కి జరపండి, చాలు. ఎఫ్7కి ఇద్దరు కాపలా. తర్వాత మీ సి6 గుర్రం డి4కి దూకితే వాడి మంత్రి మళ్ళీ పరుగు పెట్టాలి.

రెండోది, జి2 బంటుని జి4కి తోస్తాడు. తర్వాత జి5కి తోసి మీ ఎఫ్6 గుర్రాన్ని తరిమేస్తే గోడ కూలిపోతుందని వాడి లెక్క. మీరు సి6 గుర్రాన్ని వెంటనే డి4కి దూకించండి. అది ఎఫ్3లోని మంత్రినీ చూస్తుంది, సి2 బంటునీ చూస్తుంది. సి2లో పడితే రాజుకి చెక్, మూల ఏనుగు కూడా పోతుంది. కాబట్టి మంత్రి సి2ని కాచుకునే చోటికి పోవాలి. ఎక్కువమంది బయల్దేరిన చోటికే, డి1కే, తిరిగి పోతారు.

ఇప్పుడు బోర్డు చూడండి. వాడు ఆరు ఎత్తులు ఆడాడు. మూడు ఎత్తులు మంత్రి తిరగడానికే అయిపోయాయి, అది మళ్ళీ ఇంట్లోనే ఉంది. బయటున్నది ఒక్క శకటు, ముందు రెండు బంట్లు. మీవి రెండు గుర్రాలు బయటున్నాయి, పైగా ఎత్తు మీదే. మన యార్డు మాటల్లో చెప్పాలంటే, మనుషులు రాలేదు, లారీ రాలేదు, కానీ క్రేన్ మాత్రం ముందే తెచ్చి నిలబెట్టాడు. గంటగంటకీ అద్దె పెరుగుతోంది, ఎత్తడానికి సరుకు లేదు.

జి6 ఆడటం ఇష్టం లేనివాళ్ళకి ఇంకో మాట. సి4కి శకటు వచ్చినప్పుడు మీ మంత్రిని ఈ7కి జరిపినా ఎఫ్7 నిలబడుతుంది. తర్వాత గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి మంత్రిని తరమొచ్చు. తప్పు లేదు. మీ శకటు కొంచెంసేపు లోపల ఇరుక్కుంటుంది, అంతే. నాకైతే జి6 ఇష్టం, తర్వాత శకటు జి7కి వస్తుంది, రాజు వెంటనే కోటలోకి పోవచ్చు.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. ఇదంతా నేర్చుకున్నాక కూడా మనవాళ్ళు ఓడిపోతున్నారు, వేరే కారణానికి. మంత్రి దొరికిపోతుందేమో అని ఆశపడి దాని వెంట పడతారు. ఒక బంటు అటు, ఒక బంటు ఇటు, గుర్రం బోర్డు అంచుకి. చివరికి మంత్రి తప్పించుకుంటుంది, మన రాజు ముందు బంట్లన్నీ చెదిరిపోయి ఉంటాయి. మంత్రిని పట్టుకోవడం మన పని కాదు. దాన్ని తరిమే ప్రతి ఎత్తుకీ మన పావు ఒకటి మంచి చోటికి రావాలి. రాకపోతే తరమొద్దు, అక్కడే ఉండనివ్వండి. మనకి లాభం రెండు మూడు ఎత్తుల సమయం మాత్రమే. ఆ సమయంతో రాజుని కోటలో పెట్టి, నడిమి బంట్లని ముందుకి తోసి, ఏనుగుల్ని తెరుచుకున్న వరసల్లోకి తేవాలి. ఆ తర్వాత గెలవడానికి ఇంకో ముప్పై ఎత్తులు ఆడాల్సిందే. "ఇంత తప్పు చేసినవాడు వెంటనే ఓడిపోవాలి కదా" అనుకుంటే నిరాశే మిగులుతుంది.

దీనికి నిజంగా జరిగిన సాక్ష్యం ఉంది. 2005లో స్కాండినేవియాలో ఒక పెద్ద టోర్నమెంటు. అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా, అప్పటికి పదిహేడేళ్ళు, మన చెన్నై గ్రాండ్‌మాస్టర్ కృష్ణన్ శశికిరణ్ మీద సరిగ్గా ఇదే ఆడాడు: ఈ4, రెండో ఎత్తుకి మంత్రి హెచ్5కి. ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. శశికిరణ్ కంగారుపడలేదు, కోపగించుకుని ఒకేసారి మీద పడిపోనూ లేదు. ఆట చాలాసేపు సాగింది, చివరికి శశికిరణే గెలిచాడు. గ్రాండ్‌మాస్టర్‌కే అంతసేపు పట్టిందంటే, మనకి పది ఎత్తుల్లో గెలుపు రాలేదని ఏడవడం దేనికి?

మంత్రి ముందుగా వస్తే ప్రతిసారీ తప్పే అని కూడా అనుకోవద్దు. తెల్లవాడు ఈ4 ఆడితే నల్లవాడు డి5 ఆడే పద్ధతి ఒకటుంది, స్కాండినేవియన్ అంటారు. బంటు బంటుని కొడుతుంది, నల్ల మంత్రి డి5కి వచ్చి తిరిగి కొడుతుంది. అది రెండో ఎత్తే. కానీ అక్కడ మంత్రి ఒక లెక్క తీర్చుకోవడానికి వచ్చింది. తెల్లవాడు గుర్రాన్ని సి3కి తెస్తే మర్యాదగా పక్కకి జరుగుతుంది. పెద్ద పెద్దవాళ్ళు ఆడే ఆటే అది.

మీవి తెల్లపావులైతే సంగతి ఇంకా సులువు. ఈ4 తర్వాత రెండో ఎత్తుకి గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చుకోండి. అక్కడినుంచి జి5, హెచ్4 రెండు గడులూ దాని కాపలాలో ఉంటాయి. నల్ల మంత్రి రావాలనుకునే గుమ్మాలు అవే.

కానీ తెల్లపావులతో ఆడేటప్పుడు ఒక వల ఉంది, ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. దీనితో మన రూముల్లోనే డబ్బులు పోతున్నాయని విన్నాను. ఈ4, ఈ5. మీ గుర్రం ఎఫ్3, వాడి గుర్రం సి6. మీ శకటు సి4. ఇప్పుడు వాడు ఉన్నట్టుండి సి6 గుర్రాన్ని డి4కి దూకిస్తాడు. ఈ5 బంటుకి కాపలా పోయింది. "మర్చిపోయాడు రా" అని మీ గుర్రంతో ఈ5 కొడతారు. ఎఫ్7 కూడా కనబడుతోంది, నోరూరుతుంది. అప్పుడు వాడి మంత్రి జి5కి వస్తుంది. ఒకేసారి మీ ఈ5 గుర్రాన్నీ, జి2 బంటునీ చూస్తుంది. మీరు ఆశకొద్దీ గుర్రంతో ఎఫ్7 కొడతారు, వాడి మంత్రీ ఏనుగూ రెండూ దొరికాయని. వాడు జి2 కొడతాడు. మీ ఏనుగు ఎఫ్1కి జరుగుతుంది. మంత్రి ఈ4లో చెక్. శకటుని ఈ2లో అడ్డం పెడతారు. వాడి గుర్రం డి4 నుంచి ఎఫ్3కి దూకుతుంది. ఆటకట్టు. మీ రాజుకి కదలడానికి గడి లేదు, ఈ2 శకటు కొట్టడానికి లేదు, అది కదిలితే మంత్రి చూపు రాజు మీద పడుతుంది.

ఇందాకటి ఆటకీ దీనికీ తేడా చూశారా? ఇక్కడ మంత్రి ఒంటరిగా రాలేదు, గుర్రాన్ని ముందే పంపి వచ్చింది. పైగా అది మన భయంతో పని చేయలేదు, మన ఆశతో పని చేసింది. మందు చిన్నదే: గుర్రం డి4కి రాగానే మీ ఎఫ్3 గుర్రంతో దాన్ని కొట్టేయండి. వాడు బంటుతో తిరిగి కొడతాడు, మీరు రాజుని కోటలో పెట్టుకోండి. వల చిరిగిపోయింది.

ఈ వలకి బ్లాక్‌బర్న్ షిల్లింగ్ అని పేరు. బ్లాక్‌బర్న్ అనే పాతకాలపు ఇంగ్లీషు ఆటగాడు కాఫీ కొట్టుల్లో షిల్లింగు పందెం పెట్టి దీంతో కొత్తవాళ్ళ డబ్బులు గుంజేవాడని కథ. ఆయన ఆడినట్టు రుజువు లేదు, కానీ కథ మాత్రం మన క్యాంపుల్లో నిజమవుతోంది. ఆటకి పావు దీనారు. "సరదాకే అన్నా" అంటారు. పావు దీనారు నోటు చిన్నదే, వరసగా ఎనిమిది పోతే రెండు దీనార్లు. ఇంటికి పంపే డబ్బుల్లోంచి పోయేది అదే. గెలిచేవాడు పెద్ద ఆటగాడు కాదు, ఈ రెండు ఉపాయాలు తెలిసినవాడు. ఈ రోజు నుంచి మీకూ తెలుసు కాబట్టి వాడి వ్యాపారం కాస్త తగ్గుతుంది.

"అయితే ఇప్పుడు మనమే పందెం కట్టి గెలుద్దాం" అని వెనక ఎవరో అన్నారు, విన్నాను. వద్దు నాయనా. కువైట్‌లో జూదం నేరం. పట్టుబడితే పావు దీనారు దగ్గర ఆగదు. మన దగ్గర కూడా పందెం ఆటల్ని ఆన్‌లైన్‌లో తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆపేశాయి, 2025లో కేంద్రమే చట్టం చేసింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఫోన్‌లో ఎదుటివాడు కనబడడు. పక్క ఫోన్‌లో కంప్యూటర్‌ని అడిగి ఆడితే మీకు తెలియదు. ఇప్పటి కంప్యూటర్‌ని ప్రపంచ ఛాంపియన్ కూడా గెలవలేడు. అలాంటి చోట డబ్బు పెట్టడం అంటే కళ్ళకి గంత కట్టుకుని బేరం ఆడటమే.

లిచెస్ పూర్తిగా ఉచితం, యాడ్స్ ఉండవు, విరాళాల మీద నడుస్తుంది. చెస్ డాట్ కామ్‌లో కూడా ఉచితంగా ఆడొచ్చు, కొన్ని సౌకర్యాలకి డబ్బు అడుగుతారు, అవి లేకపోయినా నష్టం లేదు. రెంటిలో దేనికీ మీ బతాకా నంబరు అవసరం లేదు, బ్యాంకు కార్డు అవసరం లేదు. ఎవరైనా చెస్ పేరు చెప్పి ఓటీపీ అడిగితే అది చెస్ కాదు.

టైము గురించి. మనవాళ్ళు మూడు నిమిషాల ఆట పెడతారు. మూడు నిమిషాల ఆటలో చెయ్యి తీసి ఆలోచించడానికి టైమెక్కడిది? మంత్రి ఉపాయం బతికేదే అక్కడ. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. ఆ ఆటలో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకి ఇంకో 10 సెకన్లు కలుస్తాయి. మీ ఆప్‌లో కూడా అదే బటన్ ఉంటుంది. ప్రపంచ ఛాంపియన్‌కి పదిహేను నిమిషాలు కావాల్సి వస్తే మనకి మూడు నిమిషాలు చాలుతుందా?

ఊళ్ళో అరుగు మీద నేర్చుకున్న పెద్దవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. మన దేశవాళీ ఆటలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే పోతుంది, రాజు ఒకసారి గుర్రంలా దూకొచ్చు. ఫోన్‌లో ఈ పద్ధతి ఉండదు. బంటు రెండు గడులు పోతుంది కాబట్టి మంత్రికి దారి తొందరగా తెరుచుకుంటుంది. అందుకే బాగా ఆడే పెద్దాయన కూడా ఫోన్‌లో బిత్తరపోతాడు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. పంజాబులో పుట్టిన మీర్ సుల్తాన్ ఖాన్ కూడా దేశవాళీ ఆటే నేర్చుకున్నాడు. పెద్దయ్యాక ఇంగ్లీషు పద్ధతి పట్టి, లండన్ వెళ్ళి 1929, 1932, 1933 మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ప్రపంచ ఛాంపియన్‌గా చేసిన కాపబ్లాంకాని కూడా ఓడించాడు. ఓపెనింగ్ ఎత్తుల్లో ఆయనకి మొదటినుంచీ ఇబ్బందే, అది దాటితే ఆయన్ని పట్టుకోవడం కష్టం. మన యార్డులోని పాకిస్తాన్ అన్నలకి ఈ పేరు చెప్పండి, చాయ్ వాళ్ళే ఇప్పిస్తారు.

ఒక మాట కటువుగా చెబుతాను. ఫోర్క్‌లిఫ్ట్ మీద, క్రేన్ దగ్గర, ఇనుప కట్టలు దించే చోట ఆట పెట్టొద్దు. గడియారం నడుస్తుంటే కళ్ళు ఫోన్ మీదికే పోతాయి. రేకుల షెడ్డులో నెట్ పోయినా గడియారం ఆగదు, ఎలాగూ ఓడిపోతారు.

డ్యూటీ మధ్యలో ఆడాలనుకునేవాళ్ళకి రోజుల లెక్కన ఆడే ఆట ఉంది, ఒక ఎత్తుకి ఒక రోజో రెండు రోజులో. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైంది. ఇక్కడ మనం రూముకొచ్చి స్నానం చేసి అన్నం తినేసరికి తొమ్మిది. ఇంటి దగ్గర పదకొండున్నర, పిల్లలు పడుకుని ఉంటారు. వీడియో కాల్ కుదరదు. కానీ రాత్రి మీరు ఒక ఎత్తు వేసి పడుకుంటే, పొద్దున బడికి పోయేముందు మీ పాప ఒక ఎత్తు వేస్తుంది. మన గ్రూపులో ఒకాయన కూతురితో నాలుగు నెలలుగా ఇలాగే ఆడుతున్నాడు. "తిన్నావా, చదివావా" తప్ప ఫోన్‌లో మాట దొరికేది కాదట. ఇప్పుడు ఆ పాపే ఫోన్ చేసి "నాన్నా, ఆ గుర్రం అక్కడెందుకు పెట్టావ్" అని అడుగుతోందట. పిల్లకి మొదట మంత్రి ఉపాయం నేర్పకండి, నాలుగు ఆటలు గెలిచి తర్వాత విసుగొచ్చి మానేస్తుంది. మంత్రిని ఎలా ఆపాలో నేర్పండి.

ప్రశ్నలు అడిగారు కాబట్టి రెండు చెప్పి ఆపేస్తాను.

"మంత్రి పోయింది, ఆట వదిలేయాలా?" వదలొద్దు. రెండో ఎత్తుకి మంత్రిని తెచ్చేవాడికి ఆ తర్వాత ఆట రాదని చెప్పాను కదా. మీ ఏనుగు పోయినా, మంత్రి పోయినా మిగిలిన పావుల్ని ఒకదానికొకటి కాపలా పెట్టి ఆడండి. వాడు తొందరలో తిరిగి ఇచ్చేస్తాడు.

"రోజుకి ఎన్ని ఆటలు ఆడాలి?" రెండు చాలు. ఓడిపోయిన ఆటని మూసేయకుండా విశ్లేషణ బటన్ నొక్కండి, ఏ ఎత్తు దగ్గర పోయిందో ఆప్ చూపిస్తుంది. ఆ ఒక్క ఎత్తు చూసి పడుకోండి, తెల్లారి నాలుగున్నరకి బస్సుంది.

వచ్చే శుక్రవారం అసర్ నమాజు అయ్యాక ఇక్కడే రెండు ప్లాస్టిక్ బోర్డులు పెడతాం. నేను తెల్లపావులతో కూర్చుని ప్రతివాడి మీదా రెండో ఎత్తుకి మంత్రిని హెచ్5కి తెస్తాను. వచ్చి ఆపండి. ఆప్ తీసేసిన ఆ తమ్ముడు ఈ మెసేజ్ చూస్తుంటే, మొదటి కుర్చీ నీదే రా.